గౌరి కడుపులో సంచులు

గౌరి నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు. నెమరు వేయడం లేదు. పూటకు 3 లీటర్లు ఇచ్చే ఆవు, ఇప్పుడు అర లీటరు కూడా ఇవ్వడం లేదు. ఎడమ డొక్క ఉబ్బింది. పేడ కొంచెం కొంచెంగా వేస్తోంది.

ఇంటామెకు దిగులు పట్టుకుంది. ఆవును కొన్న డ్వాక్రా అప్పు ఇంకా తీరలేదు.

"అరగలేదేమో వదినా, ఆముదం తాగించు" అంది పక్కింటామె. తాగించింది. లాభం లేదు. మామ వాతలు పెట్టిద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. 1962కు ఫోను చేసింది.

పశువుల డాక్టరు వచ్చాడు. డొక్క నొక్కి చూశాడు.

"ఎక్కడ మేస్తుందమ్మా?"

"ఊరి చివర చెత్తకుప్పల దగ్గర తిరుగుతుందండీ."

"అయితే కడుపులో ప్లాస్టిక్ సంచులు ఉండి ఉంటాయి. ఆపరేషన్ చేయాలి."

ఆవు కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటి గది చాలా పెద్దది. ఆవు మేతను సరిగా నమలకుండానే మింగి, అందులో నింపుకుంటుంది. తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. అన్నం వాసన వస్తే సంచితో సహా మింగేస్తుంది. సంచి అరగదు. పేడలో పోదు. సంచులన్నీ చుట్టుకుని ముద్ద కడతాయి. 2019 అక్టోబరులో చెన్నైలో ఒక ఆవు కడుపులోంచి డాక్టర్లు 52 కిలోల ప్లాస్టిక్ తీశారు. అంటే ఒక మనిషి బరువు!

మేకులు, తీగముక్కలు మింగితే ఇంకా ప్రమాదం. అవి రెండో గదిలో చేరతాయి. దానికి దగ్గర్లోనే గుండె ఉంటుంది.

గౌరిని నిలబెట్టే ఆపరేషన్ చేశారు. ఎడమ డొక్క మీద వెంట్రుకలు గీసి, మందుతో కడిగారు. సూది వేస్తే ఆ చోటు మాత్రం మొద్దుబారింది. జానెడు పైన కోశారు. కడుపు గోడను బయటికి లాగి చర్మానికి కుట్టారు. లోపలి మురికి పేగుల మీద పడితే చీము పడుతుంది. అందుకే ఆ జాగ్రత్త. తర్వాత డాక్టరు భుజం దాకా చెయ్యి పెట్టాడు.

తీసిన కొద్దీ సంచులు వచ్చాయి. రెండు గంపలు నిండాయి. కొన్నిటికి వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆమె ఆ ముడుల వైపే చూస్తూ ఉండిపోయింది. పాచి అన్నం, కూరగాయల తొక్కలు అలాగే ముడి వేసి తనూ విసిరేది.

కడుపుకు రెండు వరసల కుట్లు వేశారు. ఆపైన చర్మం కుట్టారు. "కుట్ల మీద ఈగలు వాలనివ్వకమ్మా. మొదట కొంచెం కొంచెం పచ్చగడ్డే పెట్టు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేది" అన్నాడు డాక్టరు.

మూడో రోజు రాత్రి గౌరి నెమరు వేసింది. ఆమె లాంతరు పట్టుకుని వెళ్ళి చూసి వచ్చింది. పన్నెండో రోజు కుట్లు విప్పారు. ఇప్పుడు పూటకు 2 లీటర్లు ఇస్తోంది. తొక్కలు కుడితి తొట్టిలో పడుతున్నాయి.