కెర్నల్ కొత్తది, పనిముట్లు పాతవైతే?

కంప్యూటరులో మెమరీ, డిస్కు, ప్రాసెసర్ల అజమాయిషీ అంతా చూసే ప్రోగ్రామును కెర్నల్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇదే గుండెకాయ. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వంటి వాటి సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది కనుక, కెర్నల్‌ను ఎవరైనా సొంతంగా తయారు చేసుకోవచ్చు. అయితే సోర్స్ కోడ్ ఒక్కటే సరిపోదు. దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్, ముక్కలను కలిపే లింకర్ వంటి పనిముట్లు కూడా దానికి తగినవై ఉండాలి.

ఆగిపోతే అదృష్టమే

కెర్నల్ కోడ్ కాలంతో పాటు మారుతుంది. ఉదాహరణకు, 2022లో వెలువడిన లినక్స్ 5.18తో కెర్నల్ కోడ్ సీ భాషలోని సీ89 ప్రమాణం నుంచి సీ11కు మారింది. కొత్త కోడ్ అర్థం కాని పాత కంపైలర్ తప్పు చూపి ఆగిపోతుంది. అప్పుడు పోయేది కొంత సమయమే. తప్పు చూపకుండా పని ముగించే కంపైలర్‌తోనే అసలు ప్రమాదం.

డేటాను చెరిపిన లోపం

ఏఆర్ఎం 64 బిట్ ప్రాసెసర్ల విషయంలో ఇదే జరిగింది. ప్రతి ఫంక్షన్ తన తాత్కాలిక విలువలను స్టాక్ అనే మెమరీ భాగంలో ఉంచుతుంది. పని పూర్తయ్యాక ఆ చోటును వదిలేస్తుంది. జీసీసీ కంపైలర్ 4.9 నుంచి 5.1కు ముందు వరకు ఉన్న వెర్షన్లు కొన్ని సందర్భాల్లో ముందు చోటు వదిలేసి, తర్వాత అక్కడి విలువను చదివే కోడ్‌ను ఇచ్చేవి. సరిగ్గా ఆ రెండింటి మధ్య ఇంటరప్ట్ వస్తే, ఆ విలువపై మరొకటి రాసి ఉంటుంది. ఇలాంటి యాదృచ్ఛికత అరుదు కనుక లోపం పట్టుకోవడం కష్టమైంది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో కనిపించిన సమస్యల మూలం చివరికి కంపైలర్‌లో తేలింది. 2021 జనవరిలో ఈ ప్రాసెసర్లకు జీసీసీ 5.1ను కనీస వెర్షన్‌గా నిర్ణయించారు. అంతకంటే పాతదైతే కెర్నల్ తయారీ మొదట్లోనే ఆగిపోతుంది.

పొంతన కుదిర్చే పద్ధతులు

లినక్స్ సోర్స్‌తో పాటే ఏ పనిముటుకు కనీసం ఏ వెర్షన్ కావాలో చెప్పే జాబితా వస్తుంది. కెర్నల్ తయారీకి ముందు దాన్ని చూసుకోవాలి. బయటి డ్రైవర్ మాడ్యూళ్లను కూడా కెర్నల్‌కు వాడిన కంపైలర్‌తోనే తయారు చేయడం మేలు.

ఫ్రీబీఎస్‌డీది మరో దారి. అక్కడ కెర్నల్, కంపైలర్‌ల సోర్స్ ఒకే చోట ఉంటుంది. 'మేక్ బిల్డ్‌వరల్డ్' ఆదేశం ముందుగా పాత కంపైలర్ సాయంతో కొత్త పనిముట్లను తయారు చేస్తుంది. తర్వాత 'మేక్ బిల్డ్‌కెర్నల్' ఆ కొత్త వాటితోనే కెర్నల్‌ను కంపైల్ చేస్తుంది. మొదట కొత్త కెర్నల్‌ను స్థాపించి, కంప్యూటరును రీబూట్ చేసి, ఆ తర్వాతే మిగతా ప్రోగ్రాములను స్థాపిస్తారు. కొత్త ప్రోగ్రాములు అడిగే సేవలు పాత కెర్నల్‌లో లేకపోవచ్చు. పాత ప్రోగ్రాములను మాత్రం కొత్త కెర్నల్ సాధారణంగా నడపగలదు. అందుకే ఈ వరుస.

కెర్నల్‌లో లోపం కనిపించినప్పుడు కోడ్‌తో పాటు దాన్ని ఏ కంపైలర్ తయారు చేసిందో కూడా చూడాలి. లినక్స్‌లో 'ప్రాక్' డైరెక్టరీలోని 'వెర్షన్' ఫైల్ తెరిస్తే ఆ వివరం అక్కడే కనిపిస్తుంది.