కందెనయు పెట్రోలు పొదుపును

ఎద్దుబండి తోలువాడు ఇరుసునకు కందెన వేయక ప్రయాణము సాగింపడు. కందెన లేనిచో చక్రము కీచుమని యఱచును. ఎద్దులు త్వరగా అలసిపోవును. మోటారుకారు సంగతియు నిట్టిదియే. ఇంజనులోని లోహభాగములు ఒరసికొనకుండ వాని నడుమ పలుచని నూనెపొర నిలిచి కాపాడుచున్నది. ఆ నూనె తగినది కానిచో, ఇచ్చట అలసట ఎద్దులకు గాక మన పెట్రోలునకు కలుగును.

ఒక గిన్నెలో నీరును, వేఱొకదానిలో ఆముదమును పోసి గరిటెతో త్రిప్పి చూడుడు. ఆముదమున చేతికి శ్రమ హెచ్చు. దానిని వెచ్చచేసినచో గరిటె తేలికగా తిరుగును. చిక్కని ద్రవమును కదల్చుటకు ఎక్కువ శక్తి కావలయుననియు, వేడిచే చిక్కదనము తగ్గుననియు దీనివలన మనకు తెలియుచున్నది.

నూనెడబ్బాపై 5డబ్ల్యు-30 వంటి గుర్తుండును. డబ్ల్యు అనునది ఆంగ్లమున శీతకాలమును సూచించు అక్షరము. మొదటి అంకె చలిలో నూనె పాఱు తీరును, రెండవది ఇంజను కాగినప్పటి చిక్కదనమును తెలుపును. 5డబ్ల్యు-30 కొఱకు నిర్మింపబడిన ఇంజనులో 10డబ్ల్యు-30 పోసినచో మైలేజి నూటికి 1 నుండి 2 వంతులు తగ్గవచ్చునని అమెరికా ప్రభుత్వమువారు తెలిపియున్నారు.

లెక్క వేయుదము. లీటరునకు 15 కిలోమీటర్లు నడచు కారు ఏటికి 12,000 కిలోమీటర్లు తిరిగినచో 800 లీటర్లు కావలయును. అందు నూటికి 2 వంతులనగా 16 లీటర్లు. అట్లయిన మిక్కిలి పలుచని నూనె పోయుట లాభము కాదా? కాదు. తగినంత చిక్కదనము లేనిచో వేడియందు నూనెపొర తెగి, లోహమును లోహమే అరగదీయును. కొలది లీటర్ల పెట్రోలునకు ఆశపడి ఇంజనునే పోగొట్టుకొందుము. కావున కారుతో వచ్చిన పుస్తకమున చెప్పిన నూనెయే మేలు.

నూనె యొక్కటియే చాలదు. టైర్లన్నిటిలో చదరపు అంగుళమునకు 1 పౌను చొప్పున గాలి తగ్గినచో మైలేజి నూటికి 0.2 వంతు తగ్గును. 5 పౌనులు తగ్గినచో ఒక వంతు పోయినట్లే. వేగము రెట్టింపైనచో గాలి యడ్డగింపు నాలుగు రెట్లగును. నిలిచిన బండిలో ఇంజను తిరుగుచున్నంతసేపు పెట్రోలు ఖర్చగునే గాని దూరము సాగదు.

విద్యార్థులారా! మీ యింట కారున్నచో నేడే ఆ పుస్తకమును తెఱచి నూనె గుర్తు చూడుడు. టైర్ల గాలిని కొలిపింపుడు. కాలిన పెట్రోలు మరల రాదు. మిగిల్చినది మాత్రము ఇంటి ఖర్చునకు అక్కఱకు వచ్చును.