వీణయా, యంత్రమా?

మెల్బోర్న్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

సంగీతమున పట్టా పుచ్చుకొందునా, కంప్యూటర్ చదువునకే పోదునా అని అడిగితివి. ముందుగా ఈ ఊరి సైన్స్‌వర్క్స్ ప్రదర్శనశాలలోనున్న సైరాక్ అను పాత కంప్యూటర్ సంగతి వినుము.

1951లో, అది సిడ్నీలో నుండగా, ఒక సభలో పాటలు వినిపించెను. దాని లౌడ్‌స్పీకర్ సంగీతమునకై పెట్టినది కాదు. లెక్క ఎంతవరకు సాగెనో పనివారికి తెలుపుటకు పెట్టినది. విద్యుత్ స్పందనలను సమానమైన ఎడముతో వడివడిగా పంపినచో చెవికి స్వరమై తోచునని ఎరిగి, జెఫ్ హిల్ అను గణితజ్ఞుడు దానిచేతనే పాటలు పలికించెను. అయితే ఆ యంత్రపు మెమరీ పాదరసపు గొట్టములలో పరుగిడు శబ్దతరంగముల రూపమున ఉండెడిది. కావలసిన అంకె చేతికి వచ్చుటకు ఒకప్పుడు ఎక్కువ, ఒకప్పుడు తక్కువ కాలము పట్టెడిది. ఆ తేడాను లెక్కకట్టి సరిదిద్దనిచో శ్రుతి చెదరిపోవును. చెవిలేని గణితజ్ఞునకు ఆ దోషము వినబడదు. పాదరసపు నడక ఎరుగని గాయకుడు దానిని దిద్దలేడు.

1979లో సిడ్నీవారే అయిన పీటర్ వోగెల్, కిమ్ రైరీ వెలువరించిన ఫెయిర్‌లైట్ అను కంప్యూటర్ వాద్యపు కథయు ఇట్టిదే. కేవల గణితముతో కట్టిన నాదము చెవికి ఇంపు కాకపోగా, వోగెల్ రేడియోలో వచ్చిన పియానో నాదమున ఒక తునక పట్టి, దానినే వేర్వేరు స్థాయిలలో పలికించి చూచెను. తరువాత చౌక యంత్రములు వచ్చి ఫెయిర్‌లైట్‌ను వెనుకకు నెట్టినను, ఆ పద్ధతి నేటికిని స్టూడియోలలో నడచుచున్నది. కావున ఏ ఒక్క సాఫ్ట్‌వేర్ పేరునకును నీ జీవనమును ముడిపెట్టుకొనకుము.

ఇక్కడి ఫీజులు, ఇంటి అద్దెలు నీకు తెలియనివి కావు. కనుక పట్టాకు కంప్యూటర్ చదువులోనే చేరుము. వీణపాఠము మాత్రము ఒక్క వారమైనను మానకుము. రెండింటిని పైపైన తాకి మధ్యవర్తివై నిలుచుటకంటె, రెంటను కష్టము పడిన పనిమంతురాలివి కమ్ము. మొదటి పనిగా, తోడి రాగపు గాంధారము వీణమీద తీగ లాగినపుడు ఊగు తీరును రికార్డు చేసికొని, ఆ ఊగును నీవే ప్రోగ్రామ్ వ్రాసి పలికించి, మీ గురువుగారికి వినిపింపుము. అది తోడి అగునో కాదో వారు ఒక్క మారు విని చెప్పగలరు. కానిచో ఏల కాలేదో కనుగొనుట నీ వంతు.

ఇట్లు,
నీ మేనమామ