తట్టుకుంటే బెంగ తగ్గుతుందా?

ప్రశ్న: మాది తర్లుపాడు మండలం. రెండు బోర్లు వేయించినా నీళ్లు పడలేదు. అప్పులవాళ్ల ఫోను మోగితే చాలు, గుండెదడ, అరచేతుల్లో చెమట. వీడియోలు చూసి ముఖం మీదా, ఛాతీ మీదా వేళ్లతో తట్టుకుంటున్నాను. కాస్త తేలికగా ఉంటోంది. ఇది వైద్యమేనా? సరైన చోట తట్టకపోతే ప్రమాదమా? నేర్పడానికి డబ్బు కట్టమంటున్నారు.
- ఒక సోదరి

జవాబు: తేలికగా ఉంటే మానొద్దమ్మా. డబ్బు మాత్రం కట్టొద్దు. దీన్ని ఈఎఫ్‌టీ అంటారు. రోజర్ కల్లహన్ అనే అమెరికా సైకాలజిస్టు పద్ధతిని గారీ క్రెయిగ్ అనే ఇంజినీరు 1990ల్లో సులువు చేశాడు. బాధకు సున్నా నుంచి పది దాకా మార్కు వేసుకోవాలి. భయాన్ని పైకి చెప్పుకుంటూ అరచేతి అంచు మీద, ఆ తర్వాత కనుబొమ మొదట్లో, కంటి కింద, ముక్కు కింద, గడ్డం మీద, కాలరు ఎముక దగ్గర తట్టుకోవాలి. నేర్చుకోవాల్సింది దాదాపు అంతే.

చోటు తప్పితే ప్రమాదమేమీ లేదు. ఎత్తులంటే భయపడే 119 మంది విద్యార్థులతో వేట్, హోల్డర్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనం 2003లో అచ్చయింది. కొందరు చెప్పిన చోట్ల, కొందరు వేరే చోట్ల, కొందరు ఏకంగా బొమ్మ మీద తట్టారు. ఈ మూడు గుంపులవాళ్లకూ భయం ఒకేలా తగ్గింది, ఏమీ చేయనివాళ్లకు తగ్గలేదు. తట్టే చోట్లలో శక్తి నాడులు ఉంటాయని చెప్పేవాళ్లు ఒప్పుకోరు గానీ, మహిమ ఆ చోట్లలో లేదని నా నమ్మకం. లోపల దాచుకున్న భయాన్ని నోరారా చెప్పి, దాని ఎదుట కాసేపు నింపాదిగా కూర్చోవడమే పనిచేస్తోంది. ఫోను మోగగానే ఎత్తకండి. తట్టుకుని, దడ తగ్గాక మీరే చేయండి. తట్టుకుంటే బోర్లో నీళ్లు పడవు కదా, వాయిదాల సంగతి అవతలివాళ్లతో మాట్లాడాల్సిందే.

ప్రశ్న: మా ఆయన డిప్రెషన్ మాత్రలు మానేసి ఇదే చేస్తున్నారు. ‘నేను లేకపోతే మీకే సుఖం’ అంటున్నారు.
- గిద్దలూరు నుంచి

జవాబు: ఇది తట్టుకుంటూ కూర్చునే సమయం కాదు. ఆయన్ను ఒంటరిగా వదలకండి. మాత్రలు ఉన్నట్టుండి మానితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి రావచ్చు, జబ్బూ తిరగబెట్టవచ్చు. ‘చావాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాలు ఈ పూటే ఇంట్లోంచీ, పొలంలోంచీ తీసి వేరేవాళ్ల దగ్గర దాచండి. మానసిక సాయం అందించే టెలీమానస్ 14416కు ఫోను చేయండి. రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చులేదు. రేపు పొద్దున్నే మాత్రల చీటీతో ఆయన్ను డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. రాత్రి పరిస్థితి చేయి దాటితే 108.