పని యున్న ఇంట లేమి: షోలాపుర శ్రామికుల జీవన పరిశీలనము

పేదరికమునకు మూలము సోమరితనమని లోకమున ఒక మాట వాడుకలో నున్నది. కష్టపడువానికి లేమి యుండదనియు, లేమి యున్నచోట కష్టపడుట తక్కువయై యుండుననియు పెక్కుమంది తలంతురు. కాయకమును పూజగా భావించు సమాజమున ఈ మాట మరింత సులభముగా చెల్లుబాటగును. కాయకము గొప్పదైనచో దానిని చేయువాడు సుఖముగా నుండవలెను గదా యని మనస్సునకు తోచును. ఈ తలంపు నిలుచునో నిలువదో ఊహవలన తేలదు. ఒక నగరమును తీసికొని, అందలి జనులు ఏ పని చేయుచున్నారు, ఆ పనికి ఏమి లభించుచున్నది, లభించినది దేనికి చాలుచున్నది అను మూడు ప్రశ్నలు వేసి చూడవలెను.

షోలాపురము ఇందుకు తగిన నగరము. శివయోగి సిద్ధరాముడు 12వ శతాబ్దమున నివసించిన సొన్నలిగె యిదియే. బాలుడైన సిద్ధరాముడు మల్లయ్యను వెదకుకొనుచు శ్రీశైలమునకు పోయిన కథను కన్నడ కవి రాఘవాంకుడు తన సిద్ధరామ చరిత్రమున చెప్పినాడు. ఆయన తిరిగి వచ్చి ఊరివారిని కూర్చుకొని చెరువు త్రవ్వించెననియు, 68 లింగములను ప్రతిష్ఠించెననియు సంప్రదాయము. ఆ చెరువు నడుమ సిద్ధేశ్వరాలయము నేటికిని కలదు. మకర సంక్రాంతికి అచట గొప్ప జాతర జరుగును. 2011 జనాభా లెక్కలనాటికి ఈ నగర జనసంఖ్య సుమారు 9 లక్షల 51 వేలు. మహారాష్ట్రమున నున్నను, నగర పూర్వభాగమున తెలుగు కుటుంబములు కొన్ని తరములుగా పెద్ద సంఖ్యలో వసించుచున్నవి. వారి ఇండ్లలో తెలుగును, వీధిలో మరాఠీయును వినవచ్చును. వారి జీవనమే ఈ పరిశీలనమునకు ప్రధాన విషయము.

నేతగాండ్ర రాక

1860లో రైలుమార్గము షోలాపురమునకు చేరెను. అంతవరకు బండ్లమీద వచ్చిన నూలు, ప్రత్తి, ధాన్యము రైలుమీద రాసాగెను. 1876 మొదలు 1878 వరకు దక్కను పీఠభూమిని మహాక్షామము పీడించెను. ఆ కాలముననే, 1877లో, షోలాపురమున మొదటి నూలుమిల్లు స్థాపింపబడెను. ప్రజలు దానిని తరువాతి కాలమున జూనీ మిల్లు, అనగా పాత మిల్లు, అని పిలిచిరి. ఒక వైపు కరవు, మరియొక వైపు పని. నిజాము రాజ్యములోని తెలంగాణ పల్లెల నుండి పద్మశాలి కుటుంబములు ఈ నగరమునకు తరలివచ్చుట నాడు సహజము.

వచ్చినవారందరును మిల్లులో చేరలేదు. పెక్కుమంది చేమగ్గముల మీదనే మరాఠీ స్త్రీలు ధరించు తొమ్మిది గజముల చీరలు నేసిరి. 1947లో పుణేలోని గోఖలే సంస్థ వెలువరించిన ఆర్. జి. కాకడే గ్రంథము షోలాపుర నేతకులముల ఆర్థిక స్థితిని విచారించినది. నేతగాండ్రలో మూడు తెగలుండెడివి. సొంత మగ్గమును, సొంత నూలును కలవారు మొదటి తెగ. మగ్గము తమదైనను వ్యాపారి యిచ్చిన నూలును నేసి మజూరి పుచ్చుకొనువారు రెండవ తెగ. ఇతరుల కార్ఖానాలో ఇతరుల మగ్గముపై నేయువారు మూడవ తెగ. మూడు తెగలవారును తెల్లవారినది మొదలు ప్రొద్దుక్రుంకు వరకు మగ్గపు గుంటలోనే యుండిరి. భార్య కండెలు చుట్టెను, పిల్లలు ఆసు పోసిరి. పనిలో తేడా లేదు. అయినను నూలు ధర పెరిగినప్పుడు, చీరలు అమ్ముడుపోనప్పుడు, నష్టము మూడు ఇండ్లలోను మూడు విధములుగా దిగెను. పనిముట్టును, ముడిసరకును ఎవరి చేతిలో నున్నవను దానిని బట్టియే ఆ ఇంటి కలిమిలేములు ఏర్పడెను. ఇది ఈ నగరము నేర్పు మొదటి పాఠము.

మిల్లు మూతబడినప్పుడు

మిల్లు పనివాని జీవితము సుఖమైనదని చెప్పరాదు. ప్రత్తి ధూళియు, యంత్రముల హోరును అతని ఆయువును తినివేసెను. కాని అతనికి నెలకు ఇంత యను జీతముండెను. స్వాతంత్ర్యానంతరము ప్రావిడెంటు ఫండు, ఉద్యోగుల బీమా వంటి రక్షణలు చేరెను. కిరాణా కొట్టువాడు మిల్లు కార్మికునికి నమ్మి అరువిచ్చెడివాడు. నిలుకడగల రాబడికి గల విలువ యిదియే.

ఈ నిలుకడ ఎట్టిదో 1949లో దేశమంతటికిని తెలిసెను. ఆ సంవత్సరము ఆగస్టులో పాత మిల్లు మూతబడెను. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా మిల్లు నిర్వహణమును తన చేతిలోనికి తీసికొనెను. మిల్లు మూతవలన అత్యవసర వస్తూత్పత్తి దెబ్బతిన్నదనియు, ఒక వర్గమువారిలో తీవ్రమైన నిరుద్యోగము కలిగినదనియు అందు కారణము చూపబడెను. వాటాదారుడొకడు సుప్రీంకోర్టునకు పోగా, 1950 డిసెంబరులో న్యాయస్థానము ఆ చర్యను సమర్థించెను. మరియొక వాటాదారుని వ్యాజ్యమున 1953 డిసెంబరులో అదే న్యాయస్థానము, పరిహారము లేక ఆస్తిని తీసికొనుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ రెండు తీర్పులను ఆస్తిహక్కునకు సంబంధించినవిగా చదువుదురు. కాని ఆ వ్యాజ్యముల వెనుక పని పోయి ఇంట కూర్చున్న కార్మికుల పొయ్యి కలదని మరువరాదు. తరువాతి దశాబ్దములలో నగరములోని పెద్ద మిల్లులు ఒక్కటొక్కటిగా మూతబడినవి.

మరమగ్గము, దుప్పటి

మిల్లు మూతబడినంత మాత్రమున నేతపని పోలేదు. అది చిన్న చిన్న షెడ్లలోనికి మారెను. చేమగ్గముల స్థానమున మరమగ్గములు వచ్చెను. షోలాపురపు దుప్పటియు, తువాలును దేశదేశములకు పోయెను. 2005-06లో ఈ రెంటికిని భౌగోళిక గుర్తింపు లభించెను. సరకునకు పేరు వచ్చెను. నేసిన చేతికి నిలుకడ రాలేదు.

దీనికి కారణము పని యొక్క ఏర్పాటులో నున్నది. మరమగ్గపు కార్మికునికి సాధారణముగా నేసిన సరకును బట్టి కూలి ముట్టును. కరెంటు పోయినను, నూలు రాకున్నను, ఆర్డరు తగ్గినను మగ్గము ఆగును. మగ్గము ఆగిన దినమున కూలి లేదు. 1948 నాటి కర్మాగారముల చట్టము, విద్యుత్తుతో నడచు చోట 10 మందికి తక్కువ పనివారున్న శాలలకు సాధారణముగా వర్తించెడిది కాదు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నూతన కార్మిక సంహితలలో ఆ సంఖ్య 20కి పెరిగెను. కావున ఒకే పని చేయు ఇరువురిలో పెద్ద శాలయందున్నవానికి గల రక్షణ చిన్న షెడ్డునందున్నవానికి లేకపోవచ్చును. షెడ్డు యజమాని యందరును ధనవంతులనుకొనుటయు పొరపాటే. పానిపట్టు మొదలగు చోట్లనుండి వచ్చు చవుక దుప్పట్ల పోటీకి తట్టుకొనలేక మగ్గములను అమ్ముకొన్నవారును కలరు. 2025 మే 18న అక్కల్‌కోట మార్గములోని పారిశ్రామికవాడలో ఒక తువాళ్ల కర్మాగారమున అగ్నిప్రమాదము జరిగి 8 మంది మరణించిరి. వారిలో యజమానియు, కార్మికులును ఉండిరి. పనిచోటును నివాసమును ఒక్కటైనప్పుడు కలుగు విపత్తునకు అది సాక్ష్యము.

ఇంటి గడపలో బీడీ పని

పురుషుని రాబడి తగ్గిన ఇంట స్త్రీ కూలియే ఆధారమగును. షోలాపుర పూర్వభాగమున పెక్కు తెలుగు ఇండ్లలో స్త్రీలు బీడీలు చుట్టుదురు. కార్ఖానా నుండి తునికాకును, తంబాకును, దారమును తెచ్చుకొందురు. రాత్రి ఆకును తడిపి యుంచి, ఉదయము కొలత రేకు పెట్టి కత్తెరతో కోసి, తంబాకు నింపి చుట్టి, దారము కట్టి, కొనలు మడతురు. నేర్పరియైన స్త్రీకిని వేయి బీడీలకు ఒక దినమంతయు పట్టును. కూలి వేయింటికి ఇంత యని లెక్క. ఆకు తడిపిన కాలమునకును, కోసిన కాలమునకును, కార్ఖానాకు పోయి వరుసలో నిలిచిన కాలమునకును వేరుగా కూలి లేదు. పాడైన ఆకు వచ్చినచో లెక్క తగ్గును. తగ్గినదానిని తన సొమ్ముతో ఆకు కొని పూరింపవలెను. సరిగా లేవని త్రోసివేసిన బీడీలకు కూలి రాదు.

ఈ పనిని ఇంటిలో కూర్చుండి చేయుటవలన ఆమెను అడిగినవారికి ఇంటివారు, “ఆమె ఇంటనే యుండును” అని బదులు చెప్పుదురు. ఇంటి రాబడిలో ఒక పెద్ద భాగము ఈ విధముగా లెక్కకు రాకుండ పోవును. చట్టము మాత్రము ఆమెను గుర్తించినది. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంట చుట్టువారిని కూడ కార్మికులుగా పరిగణించెను. యజమానులు దానిని ఎదిరింపగా 1974లో సుప్రీంకోర్టు చట్టమును సమర్థించెను. 1976లో బీడీల పై సుంకము విధించి సంక్షేమ నిధి నేర్పరచిరి. ఆ నిధినుండి వైద్యము, పిల్లల చదువు, ఇల్లు మొదలగు వానికి సాయము లభించెను. 2017లో వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు ఆ సుంకము రద్దయ్యెను. 1966 చట్టము 2025లో నూతన సంహితలలో లీనమయ్యెను. చట్టము ఏదైనను, గుర్తింపు కార్డు లేని స్త్రీకి అందలి హక్కు చేతికందుట కష్టము.

పేదరికపు గీత

పేదరికమును కొలుచుటకు ప్రభుత్వము గీతలు గీచినది. 2014లో రంగరాజన్ సంఘము, 2011-12 నాటి ధరల ప్రకారము, నగరవాసికి నెలకు 1,407 రూపాయల వ్యయమును హద్దుగా సూచించెను. ఐదుగురున్న కుటుంబమునకు అది 7,035 రూపాయలు. ఒక చిన్న లెక్క చేసి చూడుడు. నిలువ ధనము లేని ఒక కుటుంబము నెలకు 26 దినములు పనిచేసి సరిగా ఈ మొత్తమే సంపాదించి, అంతయు వ్యయము చేయుచున్నదనుకొందము. దినమునకు సుమారు 271 రూపాయలు. ఆ నెలలో మగ్గము ఆరు దినములు ఆగినచో రాబడి 5,412 రూపాయలకు దిగును. తలకు 1,082 రూపాయలు. కూలి రేటు మారలేదు, కష్టము చేయు మనస్సు మారలేదు, చేయి నేర్పు తగ్గలేదు. ఆరు దినముల విరామముతోనే కుటుంబము హద్దు క్రిందికి పోయినది.

ఆ నెల లోటు 1,623 రూపాయలు అప్పుగా మారును. మరుసటి నెల మగ్గము నిండుగా నడచినను వడ్డీ ముందు నిలుచును. నడుమ ఒక జ్వరమో, ఒక వివాహమో వచ్చినచో అప్పు సంవత్సరముల వరకు తీరదు. అందుచేత నగర పేదరికమును విచారించువారు దినపు కూలి ఎంత యని మాత్రమే అడుగక, నెలకు ఎన్ని దినములు పని దొరకునో, అద్దె ఎంతయో, అప్పు ఎంతయో అడుగవలెను.

ఇల్లు

వీనిలో అద్దెను గూర్చి షోలాపురము ఒక మార్గము చూపినది. బీడీ స్త్రీలు సంఘముగా కూడి సొంత ఇండ్లకై పోరాడిరి. ప్రభుత్వ సాయముతోను, తమ వాటా ధనముతోను కుంభారి సమీపమున గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇండ్ల కాలనీ నిర్మితమయ్యెను. 2006లో నాటి ప్రధాని మన్‌మోహన్ సింగ్ దానిని వారికి అంకితమిచ్చిరి. పిదప అసంఘటిత కార్మికులకై 30,000 ఇండ్లతో రాయ్‌నగర్ ప్రణాళిక సాగెను. అందు 15,000 ఇండ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అంకితము చేసిరి. బీడీ స్త్రీకి ఇల్లు నివాసము మాత్రమే కాదు, కర్మశాల కూడ. అద్దె లేని ఇంట కూలిలో కొంత పిల్లల చదువునకు మిగులును. కూలి రేటు పెరుగకున్నను రాబడికి బలము చేకూరునను దానికి ఇది దృష్టాంతము. అయితే ఊరికి దూరమైన ఇంటినుండి పనిచోటునకు పోవు ఖర్చును కూడ లెక్కలో చేర్చుట మరువరాదు.

కాయకమును గూర్చిన సరియైన అవగాహన

ఆయ్దక్కి మారయ్య కథను పేదలకు తృప్తిని బోధించుటకు వాడుట కలదు. మారయ్య కల్యాణములో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా భార్య లక్కమ్మ మందలించి, ఎక్కువైనదానిని అక్కడనే పోసి రమ్మని త్రిప్పి పంపెను. ఈ కథలో ఒక విషయమును గమనింపవలెను. నాటి కాయకము నాటి కూటికి చాలెను. చాలిన పిదపనే మిగులు ప్రశ్న పుట్టెను. కావున ఈ కథ అవసరమునకు మించి కూర్చుకొనువానికి చెప్పిన బుద్ధి. దినమంతయు శ్రమించియు కూటికి చాలనివానికి దీనిని చెప్పుట కథను తలక్రిందులు చేయుటయే. ఏ పనియు నీచము కాదని శరణులు చెప్పిరి. ఆ మాట నమ్మినవారు పనిచేయు చేతికి తగిన ప్రతిఫలము అందునో లేదో విచారించుటకు కూడ బద్ధులు. పనిచేయించుకొనువాడు న్యాయమైన కూలి ఇయ్యక, పండుగనాడు అన్నదానము చేసినచో అది దాసోహము కాజాలదు.

పాఠకులు తమ తమ ఊళ్లలో ఈ విచారణ చేయవచ్చును. తమ వీధిలో నేతగాడు, కుట్టుపని స్త్రీ, రిక్షావాడు, ఇంటిపని చేయు స్త్రీ ఎవరైనను సరే, ఐదు ప్రశ్నలు అడిగి వ్రాసికొనవలెను. పనిముట్టు ఎవరిది? నెలకు ఎన్ని దినములు పని దొరకుచున్నది? పని ఆగిన దినమున ఏమి తినుచున్నారు? అప్పు ఎవరివద్ద, ఏ వడ్డీకి కలదు? ఇంటిలో స్త్రీలు చేయు పనికి లెక్క కలదా? సంఘములు విద్యార్థులకు సాయము చేయునప్పుడు, సహకార పరపతి సంఘములు రుణము లిచ్చునప్పుడు, ఈ ఐదింటికి బదులు తెలిసికొని చేసినచో ఆ సొమ్ము తగిన ఇంటికి చేరును. తమ ఇంటనే పనివారున్నచో మొదటి విచారణ ఆ ఇంటినుండియే ఆరంభింపవలెను.