కథ సైట్‌లో ఉంది సరే, గూగుల్‌లో ఉందా?

మన పత్రికలో ఒక కథ పెడతాం. లింకు వాట్సాప్ గ్రూపులో పంచుకుంటాం. రెండు రోజులు అందరూ చదువుతారు. ఆరు నెలల తర్వాత ఆ కథ కావాలంటే మాత్రం ఎవరైనా గూగుల్‌లో వెతుక్కోవాల్సిందే. అక్కడ దొరకకపోతే, కొత్తవాళ్లకి ఆ కథ లేనట్టే. సైట్‌లో ఎన్ని పేజీలున్నాయనేది ఒక లెక్క, వాటిలో ఎన్ని ఇండెక్స్ అయ్యాయనేది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క మనమే చూసుకోవాలి.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. మొదట సెర్చ్ ఇంజిన్‌కి పేజీ అడ్రస్ తెలియాలి. తర్వాత దాని బాట్ వచ్చి పేజీ చదవాలి, దీన్ని క్రాల్ అంటారు. చివరికి ఆ పేజీని తన జాబితాలో చేర్చుకోవాలి, అదే ఇండెక్స్. లైబ్రరీకి పుస్తకం రావడం వేరు, కేటలాగ్‌లో ఎక్కడం వేరు కదా, ఇదీ అంతే.

త్వరగా చూడాలంటే గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మన డొమైన్ పేరు కొట్టండి. ఆ డొమైన్ పేజీలు వస్తాయి. కానీ అన్ని పేజీలూ చూపిస్తుందన్న హామీ లేదు, కాబట్టి దాన్ని లెక్కగా తీసుకోకూడదు.

అసలు లెక్క గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఉంటుంది. ఇది ఉచితం. సైట్ మనదేనని నిరూపించుకోవాలి. దానికి వాళ్లిచ్చే ఫైల్‌ని సైట్‌లో పెట్టొచ్చు, లేదా డీఎన్ఎస్‌లో ఒక రికార్డు చేర్చొచ్చు. తర్వాత పేజీల రిపోర్ట్ తెరిస్తే ఇండెక్స్ అయినవి ఎన్నో, కానివి ఎన్నో, ఎందుకు కాలేదో కనిపిస్తుంది. తరచూ కనిపించే కారణాలు ఇవి:

1. డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్: అడ్రస్ తెలుసు, ఇంకా చదవలేదు. పాత సంచికల పేజీలకి హోమ్ పేజీ నుంచి లింకులున్నాయో లేదో చూడండి.

2. క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్: చదివింది, చేర్చుకోలేదు. పేజీలో పోస్టర్ బొమ్మ ఒక్కటే పెట్టి, కవితని టెక్స్ట్‌గా పెట్టకపోవడం కూడా ఒక కారణం కావచ్చు.

3. నోఇండెక్స్: చేర్చుకోవద్దని మన పేజీయే చెప్తోంది. టెస్టింగ్ అప్పుడు పెట్టిన ట్యాగ్ తీయకపోతే ఇలా అవుతుంది.

4. డూప్లికేట్: ఒకే కథ రెండు అడ్రసుల్లో ఉంది. అసలుది ఇండెక్స్ అయితే దీని గురించి కంగారు అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రోబోట్స్ ఫైల్‌లో ఒక పేజీని ఆపితే అది సెర్చ్‌లో రాదనుకుంటారు. ఆ ఫైల్ క్రాల్‌ని మాత్రమే ఆపుతుంది. వేరే సైట్ల నుంచి లింకులుంటే అడ్రస్ ఇండెక్స్‌లోకి రావచ్చు. పైగా బాట్ పేజీని చదవలేదు కాబట్టి అందులోని నోఇండెక్స్ కూడా దానికి కనపడదు. పేజీ సెర్చ్‌లో వద్దనుకుంటే నోఇండెక్స్ పెట్టి, క్రాల్‌ని తెరిచి ఉంచాలి.

ఇప్పుడు సైట్‌మ్యాప్. మన పేజీల అడ్రసులన్నీ ఒక ఫైల్‌లో రాసి సెర్చ్ ఇంజిన్‌కి ఇవ్వడమే ఇది. ఒక ఫైల్‌లో 50,000 అడ్రసుల వరకు పట్టినా, సంచికకి ఒక సైట్‌మ్యాప్ చేయడం మేలు. రిపోర్ట్‌ని సైట్‌మ్యాప్ వారీగా చూడొచ్చు, అప్పుడు ఏ సంచిక వెనకబడిందో వెంటనే తెలుస్తుంది. అడ్రసులో తెలుగు ఉంటే ఒక్క 'క' కూడా శాతం గుర్తులతో కలిపి 9 క్యారెక్టర్లు అవుతుంది, ఎందుకంటే యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి 3 బైట్లు పడతాయి. అది తప్పు కాదు, సైట్‌మ్యాప్‌లో అలాగే రాయాలి.

తెలుగు సైట్లకి ఇంకో పరీక్ష కూడా కావాలి. పాత అను ఫాంట్లలో టైప్ చేసినది తెరమీద తెలుగులా కనిపించినా, లోపల ఉండేవి వేరే అక్షరాల కోడ్‌లు. అలాంటి పేజీ ఇండెక్స్ అయినా, యూనికోడ్‌లో వెతికేవాళ్లకి దొరకదు. కథలోంచి ఒక వాక్యాన్ని మీరే యూనికోడ్‌లో టైప్ చేసి, కోట్స్‌లో పెట్టి వెతకండి. రాకపోతే ఆ పేజీని యూనికోడ్‌లోకి మార్చాల్సి ఉందేమో చూడండి.

నెలకోసారి ఒక షీట్‌లో తేదీ, మొత్తం పేజీలు, ఇండెక్స్ అయినవి, కానివి, కారణం రాసుకుంటే చాలు. ఉదాహరణకి 60 పేజీల్లో 52 ఇండెక్స్ అయి, వచ్చే నెలకి అది 40కి పడిపోతే, ఆ మధ్యలో సైట్‌లో ఏం మార్చామో వెతకాలి. ఒక్క పేజీ గురించి తెలియాలంటే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ వాడండి. సరిచేశాక అక్కడే ఇండెక్స్ చేయమని అడగొచ్చు. అడిగినంత మాత్రాన చేర్చుకుంటుందని గ్యారంటీ లేదు. బింగ్ ఇండెక్స్ వేరు, దానికి బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ ఉంది.

మొదలుపెట్టేవాళ్లు మన మొదటి సంచికతో మొదలుపెట్టండి. ఆ సీనియర్లు కాలేజీ వదిలి వెళ్లిపోయారు. వాళ్ల కథలు దొరుకుతున్నాయో లేదో చూడాల్సింది ఇప్పుడున్న మనమే.