చిన్నదాని ఆకలి ఎరిగిన ప్రభువు

చదువవలసిన భాగము: మార్కు సువార్త 5:21–43



యాయీరు కుమార్తె పండ్రెండేండ్ల పిల్ల. ప్రభువు ఆమె చెయ్యి పట్టి లేపగా ఆమె లేచి నడిచెను. చూచినవారందరు విస్మయమొందిరి. ఆ సంతోషములో ఎవరికిని తోచని సంగతి ప్రభువునకు తోచెను. ఆ పిల్లకు ఆహారము పెట్టవలెనని ఆయన ఆజ్ఞాపించెను. ప్రాణమిచ్చిన ప్రభువే అన్నము సంగతియు తలచెను.

ఇదే అధ్యాయములో పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని కూడ చూచుచున్నాము. అన్నేండ్లు రక్తము పోయిన దేహము ఎంత నీరసించునో మన తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ మాసము రక్తహీనతనుగూర్చి ధ్యానింతము.

మన మధ్యనున్న కొరత

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారు. 2022 డిసెంబరులో ప్రభుత్వము గర్భిణీలకు ఖర్జూరము, నెయ్యి, ఐరన్ మందు మొదలైనవి గల పోషకాహార కిట్లు ఇచ్చుటకు ఈ బాధ ఎక్కువగా ఉన్న తొమ్మిది జిల్లాలను ఎన్నుకొనెను. మన పాల్వంచ ఉన్న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వాటిలో ఒకటి.

రక్తహీనత అనగానేమి?

రక్తములోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును ఒళ్లంతటికి మోయును. అది తయారగుటకు ఇనుము కావలెను. రక్తకణములు వృద్ధి యగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే 1945లో అమెరికాలో ఈ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది. హిమోగ్లోబిన్ స్త్రీలకు 12 గ్రాములకు, గర్భిణీలకు 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత అందురు.

అలసట, ఆయాసము, గుండెదడ, కళ్లు తిరుగుట, నాలుకయు కనురెప్పల లోపలి భాగమును పాలిపోవుట, మట్టి తినవలెననిపించుట దీని గుర్తులు. చదువులో వెనుకబడిన పిల్లను సోమరియని తిట్టకముందు ఆమె కనురెప్ప దించి చూడుడి. గర్భిణికి ఇది ఉన్నచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చును. కాన్పులో రక్తము పోయినచో తల్లి ప్రాణమునకే అపాయము.

తిండి కొరతయే కాక ఇతర కారణములును కలవు. చెప్పులు లేక తడినేలపై నడచువారి పాదములగుండ కొంకిపురుగులు ప్రవేశించి, ప్రేగులలో చేరి రక్తము పీల్చును. మలేరియా జ్వరము రక్తకణములను నాశనము చేయును. అడవి ప్రాంతపు జనులలో కొందరికి సికిల్ సెల్ అను వంశపారంపర్య వ్యాధి ఉండును. దానికి చికిత్స వేరు. కనుక పరీక్ష చేయించుకొనుట ముఖ్యము.

చేయవలసినవి

1. తోటకూర, మునగాకు, పప్పులు, రాగులు, నువ్వులు, గ్రుడ్లు, చేపలు, మాంసము వీలునుబట్టి తినవలెను. నిమ్మ, ఉసిరి, జామ కూడ తినినచో ఆకుకూరలలోని ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనముతో టీ త్రాగరాదు.

2. ఆశా కార్యకర్తగాని ఆసుపత్రివారుగాని ఇచ్చిన ఐరన్ మాత్రలను పెరటిలో పారవేయక మింగవలెను. మలము నల్లబడునని భయపడరాదు.

3. మరుగుదొడ్డి వాడవలెను, చెప్పులు తొడగవలెను, దోమతెర కట్టవలెను. నులిపురుగుల మాత్ర వేయించవలెను.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి. మన ఇండ్లలో మగవారు తినిన తరువాత ఆడవారు తినుట ఆచారము. కూరగిన్నె అడుగంటిన పిమ్మట అన్నములో మిగిలిన పులుసు పోసికొని లేచు తల్లి ఎవరితోను చెప్పదు. పొలములో ఆమె చేసిన పని మగవారి పనికి తీసిపోదు. పైగా నెలనెలా ఆమె రక్తము పోవుచున్నది. ఇనుము ఎక్కువ కావలసినది ఆమెకే. దొరకునది తక్కువ ఆమెకే. ఈ ఆచారమును వాక్యము మనకు నేర్పలేదు. తండ్రి యెదుటనే ప్రభువు ఆ పిల్లకు అన్నము పెట్టుమనెను గదా!

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. నిన్న రాత్రి మన ఇంటిలో చివర తినినది ఎవరు? ఆమెకు ఏమి మిగిలెను?

2. మన ఆడపిల్లల రక్తపరీక్ష ఎప్పుడు చేయించితిమి?

3. మన సంఘములోని గర్భిణీలకు మనము ఏమి చేయగలము?

ఈ వారమంతయు కుటుంబమంతయు ఒక్కసారిగా కూర్చుండి, పప్పును కూరను సమముగా పంచుకొని, తరువాత ప్రార్థన చేయుదము. స్వస్థత కొరకు ప్రార్థించు చేతులే అన్నమును వడ్డించుగాక. ఆమేన్.